శ్రీకారానికి దిష్టి చుక్క

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళకు ఒక జబ్బు అంటుకుంటుంది. కంటికి కనిపించిన ప్రతి బోర్డునూ పైకి చదవకుండా ఉండలేరు. చిన్నప్పుడు నేర్చినవాళ్ళు మనసులో చదువుకుని ఊరుకుంటారు. మాకు ఆ ఓపిక లేదు, అంత టైమూ లేదు. మొన్న ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు బస్సులో పోతూ ఎరువుల అంగడి, పండ్ల డాక్టరు, సిమెంటు, కల్యాణ మంటపం, దేన్నీ వదలకుండా చదువుకుంటూ పోయాను. ఎర్రగుంట్ల, ముద్దనూరు అని ఊళ్ళ పేర్లు కూడా గట్టిగా చదివేసరికి కండక్టరు నా సీటు పక్కన వచ్చి నిలబడ్డాడు. “అవ్వా, ఊర్ల పేర్లు అరిచేది నా పని. దాన్ని గూడా నువ్వే చేస్తాంటే నాకు జీతం యాలా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి నోరు మూసుకున్నాను. పులివెందుల వచ్చేదాకా పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

పులివెందులలో మా తమ్ముడి మనవడు అశోక్ బస్టాండు దగ్గర చీనీకాయల రసం అంగడి పెట్టాడు. ఇంట్లో పెద్దదాన్ని కాబట్టి స్విచ్చి నేనే వేయాలన్నారు. వేశాను. గోడ మీద గులాబీ రంగులో “చల్ల చల్లగా” అని వెలిగింది. అందరికంటే ముందు నేనే చదివాను, చప్పట్లు కూడా నేనే మొదలుపెట్టాను. అశోక్ గర్వంగా, “నియాన్ బోర్డు అవ్వా!” అన్నాడు. అంతటితో ఊరుకుని రసం తాగి ఉంటే మర్యాదగా ఉండేది. నేను కుర్చీ లాక్కుని ఎక్కి, ఆ అక్షరాన్ని వేలితో నొక్కి చూశాను. మెత్తగా వానపాములా ఉంది. “ఇది నియాన్ కాదు నాయనా, రబ్బరు. నియాన్ అంటే గాజు. లోపల గాలి లాగేసి వేరే గాలి నింపాలి, కరెంటు పారితే ఆ గాలి మండకుండానే ఎర్రబడుతుంది” అని ఉపన్యాసం మొదలుపెట్టాను. వాడు నన్ను జాగ్రత్తగా కుర్చీ దింపి, “వానపామైతే ఏందవ్వా, సెల్లులో ఫొటో శానా బాగా వస్తాండాది. నువ్వు పక్కన నిలబడు” అన్నాడు. నిలబడ్డాను. ఫొటోలో నా ముఖం కూడా గులాబీ రంగులో పడింది. బాగానే ఉందని చెప్పడానికి సిగ్గేసింది.

తిరుగు బస్సులో మాత్రం ఒక్క బోర్డూ చదవలేదు. మా సుబ్బన్న మామ షెడ్డు గుర్తుకొచ్చి కూర్చుంది.

మాది పెండ్లిమర్రి దగ్గర ఒక పల్లె. గొర్రెల ఇల్లు. సుబ్బన్న మామ మా అమ్మకు తమ్ముడు. కుర్రతనంలో మందను చేనుగట్టున వదిలేసి మద్రాసు పారిపోయాడని ఒకరు, మందతో సహా పారిపోబోతే పట్టుకున్నారని ఇంకొకరు చెప్పేవాళ్ళు. అక్కడ నియాన్ బోర్డులు చేసే చోట పని నేర్చుకుని, జమ్మలమడుగు పిల్లను పెండ్లి చేసుకుని, ప్రొద్దుటూరులో షెడ్డు వేశాడు. బంగారు అంగళ్ళు, గుడ్డల అంగళ్ళు ఉన్న ఊరు, వెలుగు కొనుక్కునేవాళ్ళు అక్కడే ఉంటారని ఆయన లెక్క. అత్తకు బిడ్డ పుడితే ఎత్తుకోవడానికి మనిషి కావాలని నన్ను తెచ్చిపెట్టుకున్నారు. బిడ్డ నడిచేదాకా ఉండి తిరిగి గొర్రెల్లోకి పోవాలన్నది ఒప్పందం. ఒప్పందం పెద్దవాళ్ళు చేసుకున్నారు. నేను మాత్రం ఆ బిడ్డ ఎప్పటికీ నడవకూడదని రోజూ దేవునికి మొక్కుకునేదాన్ని. ఎవరైనా వాడిని నిలబెట్టి వేళ్ళు పట్టుకుని నడిపిస్తుంటే “పాపం, కాళ్ళు నొప్పులు” అని ఎత్తుకునేదాన్ని. అత్త నా ప్రేమకు మురిసిపోయేది.

షెడ్డులోనే ఒక మూల వంట, ఒక మూల పడక, మిగిలినదంతా మామ పని. పొద్దున అవ్వ రాగిపిండి కలిపే వాసన, దాని మీద గ్యాసు వాసన, దాని మీద అవ్వ మేకల వాసన. అవ్వ అంటే మామకూ మా అమ్మకూ తల్లి. పల్లె విడిచి వచ్చింది గానీ మేకలను విడవలేదు, వాటిని గాజు గొట్టాల కట్టల పక్కనే కట్టేసేది. మామ గొట్టాన్ని మంట మీద తిప్పుతూ ఉంటాడు. ఒక కొసకు బెండు బిగించి, ఇంకో కొసకు సన్నని రబ్బరు గొట్టం తగిలించి, దాని చివర నోట్లో పెట్టుకుంటాడు. గాజు మెత్తబడి వాలగానే తీసి, కింద పరిచిన అట్ట మీద గీసిన అక్షరం వెంబడి వంచుతాడు. వంచినచోట గొట్టం నలిగి మూసుకుపోకుండా నోటితో కొంచెం ఊదుతాడు. ఎక్కువ ఊదితే బుడగ, తక్కువ ఊదితే నొక్కు. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. అత్త మాట్లాడేది. “మా జమ్మలమడుగులో అయితే...” అని మొదలుపెట్టేది. మామ నోట్లో గొట్టం ఉండేది కాబట్టి వాళ్ళ సంసారం చల్లగా సాగింది.

మద్రాసులో మామ నేర్చింది ఇంగ్లీషు అక్షరాలు, అరవ అక్షరాలు. ఇంగ్లీషువి నిలువుకర్ర, అడ్డకర్ర, సుఖంగా ఉంటాయట. తెలుగు అక్షరమేమో ఎక్కడ మొదలుపెట్టినా చుట్టుకుని చుట్టుకుని మొదటికే వస్తుంది. పైన తలకట్టు, కింద ఒత్తు, పక్కన కొమ్ము. ఇక శ్రీ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రొద్దుటూరులో శ్రీ లేకుండా బోర్డు పెట్టే సెట్టి లేడు. శ్రీ వంచుతూ మామ ఎన్ని గొట్టాలు పగలగొట్టాడో, ఎన్ని తిట్లు తిట్టాడో. అక్షరాల్లో నాకు పేరు తెలిసింది ఆ ఒక్కటే, అదీ తిట్లలో విన్నందువల్ల. అక్షరాలను అట్ట మీద తిరగేసి గీయాలి, ఎందుకంటే వంచేటప్పుడు బోర్డు వీపు మామ వైపు ఉంటుంది. అందువల్ల నేను ఆ ఒక్క అక్షరాన్నీ తిరగేసే చూసి నేర్చుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత మా వీధి టైలరమ్మ పలక చేతికిచ్చినప్పుడు, నాకు శ్రీ వచ్చునని గొప్పగా రాసి చూపించాను. ఆమె పలకను అద్దం ముందు పెట్టి, “ఇప్పుడు సరిగ్గా ఉండాదవ్వా” అంది.

అక్షరాలన్నీ వంచి అతికించాక అసలు పని. రెండు కొసలా కరెంటు తగిలించే ముక్కలు అతికించి, పంపు పెట్టి లోపలి గాలి లాగేస్తాడు. తర్వాత గట్టి కరెంటు ఇస్తాడు, గొట్టం కాగి లోపల అంటుకున్న మురికి వదలాలి. ఎంత కాగిందో తెలియడానికి గొట్టం మీద పేపరు ముక్క పెట్టేవాడు. పేపరు గోధుమరంగుకు తిరిగితే చాలు. అప్పుడు మద్రాసు నుంచి తెచ్చిన గాజు బుడ్డిలోంచి ఒక ఊపిరంత నియాన్ వదిలి, మూతి మూసేస్తాడు. మీట నొక్కితే గుయ్యిమని తుమ్మెద చప్పుడు, ఎర్రటి వెలుగు. మేకలు పలుపులు తెంచుకునేవి, బిడ్డ ఏడ్చేవాడు, అత్త చెవులు మూసుకునేది. నేను మాత్రం నోరు తెరుచుకుని నిలబడేదాన్ని. పొగ లేదు, వేడి లేదు, మసి లేదు. మంట అంటే ఊదుకుంటూ కళ్ళు ఎర్రజేసుకోవడమే తెలిసినదాన్ని. నాకది దేవతల ఇంటి పొయ్యిలా కనిపించింది.

అవ్వకు ఆ వెలుగు మీద ఒకటే భయం, దిష్టి. వారం వారం ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని మొదట బిడ్డకు, తర్వాత మేకలకు, ఆ తర్వాత పంపుకు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయలు ఘాటు రాకుండా కాలితే దిష్టి గట్టిగా తగిలినట్టు. ఒకసారి కర్పూరం వెలిగించి గ్యాసు బండ చుట్టూ తిప్పబోయింది. మామ నోట్లో గొట్టం ఊడిపడింది. “అమ్మా! దిష్టి గాదు, షెడ్డే పోతాది!” అని అరిచాడు. “అందుకే గదప్పా తిప్పుతాండేది, పోకుండా ఉండల్లని” అంది అవ్వ.

ఇలా ఉండగా దసరాకు ఒక బంగారు అంగడి సెట్టి పెద్ద బోర్డు చెప్పాడు. మామకు అంతకుముందు వచ్చినవన్నీ చిన్న పనులు, సోడా అంగడికో సైకిలు అంగడికో ఒక్కో మాట. ఇది వీధి మొదట నిలబడినా కనిపించే బోర్డు. ఆ వీధిలో తక్కిన సెట్లందరూ ఇది వెలుగుతుందా లేదా అని చూస్తున్నారు. ఒకరోజు అన్నాల దగ్గర మామ తేల్చి చెప్పాడు. “ఇది నచ్చితే వీధంతా మనదే. ఓబులి గూడా ఈడనే ఉంటాది, చేతినిండా పని ఉంటాది. నచ్చకపోతే షెడ్డు మూసి మద్రాసుకు పోతాం. దాన్ని వాళ్ళ నాయన వచ్చి తోలుకపోతాడు.” ఓబులి అంటే నేను. నాయన దసరాకు ఎలాగూ వస్తానని కబురు పెట్టాడు. ఎందుకంటే ఆ పాడు పిల్లోడు, నేను ఎంత అడ్డుపడినా, నడిచేశాడు.

అంత పెద్ద బోర్డులో నాకు ఒక పని దక్కింది. నల్లరంగు పూయడం. మామూలుగా అది అత్త పని, కానీ నడక నేర్చిన బిడ్డ మంట వైపే నడుస్తుండడంతో ఆమెకు తీరలేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య గొట్టం వెనకగా పోయేచోట మామ రెండువైపులా దారం కట్టి, “ఈ దారానికీ ఈ దారానికీ నడుమ పూయి. రెండుసార్లు పూయి” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కరెంటు ఒకే గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొసకు పారాలి కాబట్టి అక్షరాల మధ్య ముక్కలు కూడా వెలుగుతాయి, వాటిని నల్లగా మూయకపోతే పేరు పేరులా కనిపించదు, అందుకే ఆ రంగు. ఇది ఇప్పుడు ఎంత చక్కగా చెప్పానో చూడండి. అప్పుడు అడిగి ఉంటే మామ కూడా ఇంత చక్కగా చెప్పేవాడు. కానీ నాకు అడగవలసిన అవసరం కనిపించలేదు. ఇంత అందమైన గాజుకు నలుపెందుకు పూస్తారు? బిడ్డ బుగ్గకు ఎందుకు పెడతారో అందుకే. దిష్టి! మద్రాసువాళ్ళకు కూడా దిష్టి తెలుసునని నేను మెచ్చుకున్నాను.

పూస్తూ పూస్తూ ఇంకో ఆలోచన వచ్చింది. ఈ నల్లచుక్కలన్నీ వెనక దాక్కుని ఉన్నాయే, ముందు చూసేవాళ్ళ కన్ను ఎక్కడ పడుతుంది? శ్రీ పొట్ట మీద పడుతుంది. అన్నిటికంటే గుండ్రంగా, ముద్దుగా ఉన్నది అదే, మామ ప్రాణం పెట్టి వంచింది అదే. దానికే చుక్క లేదు! మామ మరిచిపోయాడని జాలిపడి, వేలు రంగులో ముంచి, బిడ్డకు కాటుక పెట్టినట్టే, శ్రీ పొట్ట మీద రూపాయి బిళ్ళంత చుక్క తిప్పాను. ఆరాక రెండోసారీ తిప్పాను. చెప్పింది చెప్పినట్టు చేసేదాన్ని గదా, రెండుసార్లు. మరుసటి రోజు మామ ఆ హడావుడిలో బోర్డును గోనెపట్టల్లో చుట్టి, వరిగడ్డి మధ్య బండిలో నిలబెట్టి, బిడ్డను తీసుకుపోయినట్టు తీసుకుపోయాడు. వెలగని గొట్టం మీద, అన్ని నల్లముక్కల మధ్య, ఆ చుక్క ఆయన కంట పడలేదు. పడితే మెచ్చుకునేవాడే అని నేను బాధపడ్డాను.

దీపాలు పెట్టే వేళకు వీధంతా జనం. దసరాకు ప్రొద్దుటూరు మామూలుగానే ఇంట్లో ఉండదు, ఆ రోజు మా బోర్డు కింద నిలబడింది. నాయన గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. నా మూట అప్పటికే కట్టి ఉంది. సెట్టి వాళ్ళ అమ్మ చేత స్విచ్చి వేయించాడు. గుయ్యిమంది. ఎర్రగా వెలిగింది. “ఆ...” అని జనం నోళ్ళు తెరిచారు. తెరిచిన నోళ్ళు అట్లాగే ఉండిపోయాయి. శ్రీ పొట్ట మధ్య ఇంత నల్లగుంత.

“ఏమప్పా సుబ్బన్నా,” అన్నాడు సెట్టి మెల్లగా, “లక్ష్మీదేవికి మసి పూసి తెచ్చినావా?”

పక్క అంగడి ఆయన ఎవరో, “గొట్టం మాడిపోయినట్టుండాది. గొర్రెలు కాసేటోనికి గాజు పనేందప్పా?” అన్నాడు. కొందరు నవ్వారు. మామ ముఖం తెల్లబారింది. లోపల గాజు పగిలిందనుకున్నాడు, గాలి చెడిందనుకున్నాడు. స్విచ్చి తీయించి నిచ్చెన ఎక్కాడు. చుక్క మీద వేలు పెట్టి చూసుకుని, పైనుంచే అత్త వైపు చూసి, “ఎవురే ఈడ రంగు పూసింది?” అన్నాడు.

నేను జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాను. వెనక నిలబడి ఉంటే ఏమయ్యేదో తెలియదు. నాకు మాత్రం పేరు వచ్చే సమయం ఇదేననిపించింది. “నేనే మామా! తక్కినయన్నీ నువ్వు చెప్పినయి. అదొకటి నువ్వు మరిసిపోతే నేనే పెట్టినా. దిష్టి చుక్క!”

ఆ వీధి అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. అరుగుల మీదివాళ్ళు, మిద్దెల మీదివాళ్ళు నవ్వారు. అత్త కూడా, “మా జమ్మలమడుగులో అయితే...” అని మొదలుపెట్టి, అలాంటిది అక్కడ కూడా జరగలేదు కాబోలు, ఆగిపోయింది. మామ నవ్వలేదు. జేబులోంచి బ్లేడు తీసి గీరబోయాడు.

“ఆగప్పా! గీరొద్దు!” అని కేక. స్విచ్చి వేసిన సెట్టి తల్లి. ముసలామె అరుగు దిగి వచ్చి నిచ్చెన పట్టుకుంది. “పాప ఏం తప్పు చేసిందని గీరుతాండావు?”

“అమ్మా, జనం నవ్వుతాండారు” అన్నాడు సెట్టి.

“నవ్వనీ. ఏడిస్తే గదా మనకు చేటు. ఏమి రా, చిన్నప్పుడు నేను నిన్ను బుగ్గన చుక్క పెట్టకుండా ఎప్పుడన్నా వీధిలోకి పంపినానా? నీ మొగానికంటే ఈ బోర్డు ఎక్కువ మెరుస్తాండాది. నీ మొగానికే పెట్టినదాన్ని, దీనికి వద్దంటానా?” అని పక్క అంగళ్ళ వైపు తిరిగి, “వాండ్ల కండ్లు చూడు ఎట్లుండాయో” అంది, వాళ్ళకు వినపడేటట్టే.

సెట్టి తల్లి మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. “దిగప్పా సుబ్బన్నా. ఉండనీలే” అన్నాడు. మళ్ళీ స్విచ్చి వేశారు.

దసరా వెళ్ళేలోపల పక్క అంగడి ఆయన షెడ్డుకు వచ్చాడు. బోర్డు కావాలి, అందులో చుక్క కూడా కావాలి. వాళ్ళకు చుక్క ఉండి మాకు లేకపోతే ఊరి కన్నంతా మా మీద పడదా అని ఆయన బాధ. ఆయన వెనక ఇంకొకరు. వెలుగు ఎక్కడా తెగకుండా చేయడమే విద్య అని మద్రాసులో దెబ్బలు తిని నేర్చిన మామ, ప్రొద్దుటూరులో ప్రతి బోర్డునూ తెగకుండా చేసి, చివరికి నా చేతికి రంగు ఇచ్చి, “పెట్టు తల్లీ, పెట్టు. చేసినదాన్నంతా చెడగొట్టు” అని పక్కకు తిరిగి నిలబడేవాడు. ఆ చుక్క నా చేతితోనే పడాలని కొందరు పట్టుబట్టేవాళ్ళు. నేను తల దువ్వుకుని, పూలు పెట్టుకుని పోయేదాన్ని. ఎవరైనా నా జీవితంలో నేర్చిన విద్య ఏమిటని అడిగితే, వెలిగేదాన్ని ఒకచోట వెలగకుండా చేయడం అని చెప్పుకోవాలి.

ఆ బోర్డులు ఒక్కటీ లేవిప్పుడు. కొన్నిటిని కోతులు పగలగొట్టాయి, కొన్నిటిలో గాలి నీరసించి సగం పేరు వణుకుతూ ఆరిపోయింది. తర్వాత గుడ్డ మీద అచ్చువేసిన బోర్డులు వచ్చాయి, వాటి తర్వాత అశోక్ వానపాములు. మామ పోయాడు, షెడ్డు ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. నేను అక్షరాలు కూడబలుక్కునే వేళకు, నేను రంగు పూసిన పేర్లలో చదవడానికి ఒక్కటీ మిగల్లేదు. ఆ వీధి అంగళ్ళలోకి ఎన్నోసార్లు పోయాను గానీ ఏ పేరు పెట్టుకున్నారని అడగడానికి నామోషీ పడ్డాను. అప్పటి వెలుగే గొప్పదని కూడా అనలేను. అది కంటికి గుచ్చుకునేది, కరెంటు తినేది, వానకు చిటపటలాడేది. అశోక్ బోర్డు చెయ్యి పెట్టినా షాకు కొట్టదు, పడినా పగలదు. మెత్తగా ఉందని తప్ప దాని మీద నాకు ఫిర్యాదు లేదు. చదవడానికీ సులువే.

ఆ దసరా సాయంత్రం సంగతి పూర్తి కాలేదు. మామ నిచ్చెన దిగాక నన్ను ఉంచమని నాయనను అడగలేకపోయాడు. అంతమంది ముందర నవ్వులపాలు చేసిన పిల్లను ఏ ముఖంతో అడుగుతాడు? నాయన గొంగడి సర్దుకున్నాడు. ఇద్దరం కడప బస్సుకు బయలుదేరాం. దారిలో తినడానికి అత్త సంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి కట్టి ఇచ్చింది. నా మూటలోనే పెట్టుకున్నాను. మూట చంకన పెట్టుకుని నాయన వెనక నడుస్తున్నాను. బోర్డు కిందికి వచ్చేసరికి ఆయన ఆగి, తలెత్తి చూశాడు. ఎరుపు ఆయన గడ్డం మీద, గొంగడి మీద పడింది.

“ఏమి రాసినారు మే దాంట్లో?”

“మొదటిది శ్రీ అంట నాయనా. తక్కినయి నాకు తెలీదు.”

“తెలీకుండానే పూసినావా?”

“ఊ.”

“మనమూ అంతేలే. గొర్రెలు ఎవురి చేన్లో మేస్తాండాయో వాటికేం తెలుసు” అని ఇంకాసేపు చూశాడు. “ఇది ఊదకపోతే ఆరిపోదా?”

“పోదు నాయనా. మనం ఆర్పితేనే ఆరేది.”

నాయన తన రెండు చేతులూ ఆ ఎర్రని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని, “పో. మీ మామకాడికి పో. మీయమ్మకు నేను చెప్పుకుంటాలే” అన్నాడు.

ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని నేను మాట కూడా చెప్పకుండా పరుగెత్తాను. వెనక్కు తిరిగి చూడలేదు. షెడ్డుకు చేరి మూట విప్పితే సంగటి ముద్ద కనిపించింది. అప్పటికి బస్సు పోయి ఉంటుంది. నాయన ఊరు చేరేదాకా నీళ్ళతోనే ఉన్నాడేమో. ఆ ముద్దను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ, ఊరిమిండి బాగా కుదిరిందని, అంతా నేనే తినేశాను.